కోతకు ముందే తెరిచి చూసిన గుండె: ఒక సీటీ టెక్నీషియన్ అనుభవం

నేను హనుమకొండలో ఒక స్కానింగ్ సెంటర్లో సీటీ టెక్నీషియన్‌ని. మా యంత్రం కిందికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు. గుండె స్కాన్ అంటే యాభై దాటినవాళ్ల రక్తనాళాల్లో పూడికలు ఉన్నాయేమో చూడడమే. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లల స్కాన్లు అరుదు. తీసి, ఫిల్ములూ సీడీ కవర్లో పెట్టి, రిపోర్టు జతచేసి ఇస్తే మా పని అయిపోయేది. ఆ కవరు హైదరాబాద్‌లో ఏ సర్జన్ బల్ల మీదికి చేరుతుందో, ఆయన అందులో ఏం వెతుక్కుంటారో అడిగే తీరిక మాకూ లేదు, చెప్పే తీరిక వాళ్లకూ లేదు.

అలాంటి సర్జన్ ఒకరు ఒకరోజు నేరుగా నాకే ఫోన్ చేశారు. నెలకోసారి హనుమకొండ వచ్చి గుండె జబ్బున్న పిల్లలను చూసి వెళ్తారాయన. "మీ సీడీలో మూడు మిల్లీమీటర్ల మందం ముక్కలే ఉన్నాయి. సన్నవి లేవా?" అన్నారు. ఉంటాయి. సీటీ అంటే ఒంటిని అడ్డంగా కోసినట్లు ముక్కలు ముక్కలుగా బొమ్మలు తీయడం. యంత్రం తీసేది 0.6 మిల్లీమీటర్ల ముక్కలే. ఫిల్ము మీద చూడడానికి వీలుగా వాటిని మందం చేసి ఇస్తాం. సన్నవి కొన్నాళ్లు యంత్రాన్ని నడిపే కంప్యూటర్లో, అంటే కన్సోల్‌లో ఉండి, డిస్కు నిండాక పోతాయి. ఆ సంగతి చెబితే అవతల కాసేపు మాట లేదు. తర్వాత అసలు విషయానికి వచ్చారు. భూపాలపల్లి వైపు పల్లె నుంచి నాలుగేళ్ల పాప వస్తుంది, స్కాన్ జాగ్రత్తగా తీయాలి, ఆ సన్నని ముక్కలతో కంప్యూటర్లో గుండె మోడల్ తయారుచేయాలి, ఆ పని నేను నేర్చుకోగలనా అని. తమ ఆస్పత్రిలో ఇంజినీరు ఉన్నా వారంలో ఒక్కరోజే వస్తాడట. "పైగా స్కాన్ తీసినవాళ్లకే ఏది రక్తమో, ఏది కదలిక వల్ల వచ్చిన మసకో బాగా తెలుస్తుంది" అన్నారు. పొగడ్త అని తెలిసినా పనిచేసింది.

పాప సంగతి ముందు చెప్పాలి. పిల్లల్లో జబ్బులను ముందే గుర్తించేందుకు 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు బయటపడిన కేసు. నాలుగడుగులు పరుగెత్తితే పెదవులు నీలంగా మారేవి, వెంటనే గొంతుకూర్చునేది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మీదుగా పిల్లల గుండె వైద్యురాలి దగ్గరకు చేరింది. ఎకోలో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్షలో, తేలింది డబుల్ ఔట్‌లెట్ రైట్ వెంట్రికిల్. జఠరికలంటే గుండె కింది గదులు. మామూలు గుండెలో కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమని, ఎడమ జఠరిక నుంచి ఒంటికి పోయే బృహద్ధమని బయలుదేరతాయి. ఈ పాపకు రెండూ కుడి జఠరిక నుంచే బయలుదేరాయి. ఎడమ జఠరికకు సొంత ద్వారమే లేదు. రెండు జఠరికల మధ్య గోడలో ఉన్న రంధ్రంలోంచి మంచి రక్తం కుడివైపుకు వచ్చి, అక్కడి చెడు రక్తంతో కలిసి, ఒంటికి వెళ్తోంది. "గుండెకు చిల్లు పడింది, మూసేస్తే సరి" అని ఊళ్లో ఎవరో వాళ్ల నాన్నకు ధైర్యం చెప్పారట. ఇలాంటి గుండెలో ఆ చిల్లు మూస్తే పిల్ల బతకదు. ఎడమ జఠరికకు ఉన్న ఒక్కగానొక్క దారి అదే.

చేయవలసిందల్లా ఆ రంధ్రం నుంచి బృహద్ధమని మొదలు దాకా కుడి జఠరిక లోపలే ప్యాచ్ గుడ్డతో ఒక సొరంగం కట్టడం. అప్పుడు ఎడమ జఠరిక రక్తం సొరంగంలోంచి బృహద్ధమనికి, కుడి జఠరిక రక్తం సొరంగం బయటినుంచి ఊపిరితిత్తులకు పోతాయి. రంధ్రం బృహద్ధమనికి దగ్గరగా ఉంటే ఇది కుదురుతుంది. దూరంగా ఉంటే, మధ్యలో కుడి జఠరిక వాకిట ఉండే ట్రైకస్పిడ్ కవాటం అడ్డొస్తే, కుదరకపోవచ్చు. ఎకో చూసిన మేడం "దూరమే కావచ్చు" అన్నారు. సర్జన్ "దగ్గరే అనిపిస్తోంది" అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఉన్నది పాప జీవితమంతా రెండు జఠరికలతో నడుస్తుందా, ఒక్కదానితోనే నడుస్తుందా అన్న ప్రశ్న. మోడల్ కావాలన్నది అందుకే.

స్కాన్ రోజు పాపతో అమ్మానాన్నలూ నాయనమ్మా వచ్చారు. మందు మోతాదు లెక్కకు బరువు చూడాలి. కాటా మీద నిలబెడితే 11 కిలోలు. "ఎంత బిడ్డా?" అని నాయనమ్మ రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు పాప ఎత్తు బంగారం మొక్కుకుందట. బంగారమంటే అక్కడ బెల్లమే. ఆమె 11 కిలోల బెల్లం లెక్క వేసుకుంటుంటే నేను కిలోకు 2 మిల్లీలీటర్ల చొప్పున స్కాన్‌లో రక్తాన్ని తెల్లగా చూపించే కాంట్రాస్ట్ మందు 22 మిల్లీలీటర్లని లెక్క వేసుకున్నాను.

పెద్దవాళ్లయితే మందు ఎక్కించి వెనకాలే సెలైన్ తోస్తాం. కుడివైపు గుండె కడిగినట్లు ఖాళీ అవుతుంది, ఎడమవైపు నాళాలు తెల్లగా మెరుస్తాయి. ఇక్కడ అలా చేస్తే పని చెడుతుంది, ఎందుకంటే సొరంగం కట్టేది కుడి జఠరికలోనే. అందుకని మొదట చిక్కటి మందు, తర్వాత సెలైన్ కలిపి పలచన చేసినది ఎక్కించి, రెండువైపులా సమంగా తెలుపు వచ్చే క్షణం కోసం కాచుకున్నాం. అనస్థీషియా డాక్టర్ పాపను నిద్రపుచ్చారు. నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటున్న గుండెను ఈసీజీ తీగల సాయంతో, అది వ్యాకోచించిన దశలో ఒకసారి, సంకోచించిన దశలో ఒకసారి పట్టుకోవాలి. రేడియేషన్ తగ్గించాలి కాబట్టి రెండో అవకాశం అంటూ ఉండదు. బాగానే వచ్చింది.

ఇక మోడల్. వాడమన్న సాఫ్ట్‌వేర్ త్రీడీ స్లైసర్. 1998 ప్రాంతంలో అమెరికాలోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రి, ఎంఐటీ కలిసి మొదలుపెట్టినది. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి మెరుగుపరుస్తున్నారు. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. దానికి స్లైసర్‌హార్ట్ అనే అనుబంధం ఉంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రి వాళ్ల కృషి ఎక్కువ. అందులోనే సరిగ్గా ఈ జబ్బులో కట్టే సొరంగాన్ని తెర మీద గీసుకునే పరికరం ఉంది. ఒక్క హెచ్చరిక మాత్రం తయారుచేసినవాళ్లే స్పష్టంగా రాశారు: ఇది పరిశోధన కోసం, వైద్య పరికరంగా ఆమోదం పొందినది కాదు. మా రేడియాలజిస్టు ఆ మాట పట్టుకుని, మోడల్ బొమ్మ ఏదీ మా రిపోర్టులో ఉండకూడదని తేల్చి చెప్పారు. నిర్ణయం ఎకో, అసలు స్కాన్ చూసే తీసుకోవాలి, మోడల్ పక్కన సాయానికి ఉండాలి. ఆ పట్టుదల సరైనదేనని పని మొదలుపెట్టిన రాత్రే అర్థమైంది.

సెంటర్ కంప్యూటర్లో ఇలాంటివి వేయనివ్వరు. పాప పేరు, ఊరు, ఇతర వివరాలన్నీ ఫైళ్లలోంచి తొలగించి, వాళ్ల నాన్న సంతకం తీసుకుని, నా సొంత కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. ఈ కొలమానానికి పేరిచ్చిన హౌన్స్‌ఫీల్డ్ ఇంజినీరు, ఆయనతో సీటీకి 1979 నోబెల్ పంచుకున్న కోర్మాక్ భౌతిక శాస్త్రవేత్త. ఇచ్చింది వైద్యంలో నోబెల్, తీసుకున్న ఇద్దరూ డాక్టర్లు కారు. మా టెక్నీషియన్లం కలిసినప్పుడు ఈ ముచ్చట చెప్పుకోకుండా ఉండం. మందు కలిసిన రక్తం 300 దాటి ఉంటుంది, గుండె కండరం 100 చుట్టుపక్కల. కాబట్టి "200కు పైన ఉన్నదంతా రక్తం" అని చెబితే కంప్యూటర్ క్షణంలో రంగు పూస్తుంది.

పూస్తుంది గానీ రక్తంతో పాటు పక్కటెముకలకు, వెన్నుపూసకు, రొమ్ము ఎముకకు కూడా పూస్తుంది. వాటిని కత్తెర గుర్తుతో కోసి పారేయాలి. గుండె పై గదుల్లో ఒకటైన ఎడమ కర్ణిక వెనక ఒంటికి దిగే బృహద్ధమని ఆనుకుని ఉంటే రెండూ అతుక్కుపోయి ఒకటే ముద్దగా వస్తాయి. రెండు కర్ణికల మధ్య గోడ మరీ పలచన, చాలాచోట్ల కనిపించనే కనిపించదు. అక్కడ నేనే ఒక్కో ముక్కలో చేత్తో గీత గీయాలి. చిలుము పట్టినట్లున్న అంచులను నునుపు చేసే మీట ఒకటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కొంచెం ఎక్కువ నొక్కితే సన్నని నాళం మూసుకుపోతుంది. నునుపుగా ఉన్న గుండె మోడల్ ఎక్కడైనా కనిపిస్తే నాకిప్పుడు అనుమానమే వస్తుంది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఆ రంధ్రమే. హద్దు అంకె 220 పెడితే రంధ్రం అడ్డంగా 9 మిల్లీమీటర్లు. 180కి దించితే 10 దాటుతోంది. అంచు మీద ఉన్న చుక్కలో సగం రక్తం, సగం కండరం, దాని అంకె మధ్యలో ఎక్కడో ఉంటుంది మరి. అంటే పిల్ల గుండెలో రంధ్రం ఎంతుందన్నది నేను మౌస్ ఎంత జరిపానన్నదాని మీద ఆధారపడుతోంది! సర్జన్‌కు ఫోన్ చేసి ఈ మాటే చెప్పాను. "ఒక్క అంకె ఇవ్వకండి, రెండూ రాయండి. మేడం ఎకోలో కొలిచింది కూడా పక్కన పెట్టండి" అన్నారు. ఎకోలో 9.5.

ఇంకో సంగతి ఉంది. ఇలా తయారయ్యేది గుండె బొమ్మ అనుకుంటాం, కానీ అది గుండెలో నిండిన రక్తం బొమ్మ. ఇడ్లీని చూసి ఇడ్లీ రేకు గుంట ఎంత లోతో, ఏ వంపులో ఉందో చెప్పవచ్చు, రేకు మందం మాత్రం చెప్పలేం. రక్తం ముద్ద చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటర్ల పొర వేయమంటే కంప్యూటర్ వేస్తుంది. తర్వాత లోపలి రక్తాన్ని తీసేస్తే బోలు గుండె వస్తుంది. ఆ పొర గుండె కండ కాదు, నేను వేయమన్న మందం. తెర మీద తిప్పి చూసేవాళ్లకు ఆ తేడా తెలియదు. అద్భుతంగా కనిపిస్తుంది, అందుకే ప్రమాదం.

సర్జన్ హనుమకొండ వచ్చిన ఆదివారం, ఓపీ అయ్యాక మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. మేడం ఎకో క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. నేను గర్వంగా మోడల్ తెరిచాను. కుడివైపు నీలం, ఎడమవైపు ఎరుపు, నాళాలకు వేరే వేరే రంగులు. ఆయన మొదట చేసిన పని ఆ రంగులన్నీ తీసేయమనడం. "లోపల నాకు రంగులు పూసి ఉండవు" అన్నారు. అంతా బూడిదరంగులోకి మార్చాను. తర్వాత "నేను నిలబడేచోటి నుంచి చూపించండి" అన్నారు. సీటీలో మేం రోగిని కాళ్లవైపు నుంచి చూస్తాం, రోగి ఎడమ మాకు తెర మీద కుడివైపు వస్తుంది. ఎన్నో ఏళ్ల అలవాటు. సర్జన్ రోగి కుడిపక్కన నిలబడతారు, తల ఆయన ఎడమచేతివైపు ఉంటుంది, గుండెను పైనుంచి చూస్తారు. బొమ్మను అలా తిప్పి నిలిపేసరికి నేను తయారుచేసిన గుండె నాకే కొత్తగా కనిపించింది. ఏది ఎక్కడుందో ఒక నిమిషం పోల్చుకోలేకపోయాను.

"మౌస్ ఇటివ్వండి." తీసుకుని కుడి జఠరిక ముందు గోడను తెర మీద అడ్డంగా కోశారు. పక్కకు తొలగించారు. లోపలికి వంగి చూస్తున్నట్లు కుర్చీలోనే ముందుకు వంగారు. నచ్చక కోతను వెనక్కి తీసుకుని, ఈసారి కర్ణికను తెరిచి ట్రైకస్పిడ్ కవాటంలోంచి లోపలికి చూశారు. మళ్లీ మొదటి కోతకే వచ్చారు. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ఇలాంటి గుండెను ప్లాస్టిక్‌తో అచ్చు తీయవచ్చు, నేను అడిగి ఉంచాను కూడా. ఆయన అంత ఆసక్తి చూపలేదు. అచ్చు గుండెను ఒకసారి కోస్తే అయిపోయింది, తెర మీద పది రకాలుగా కోసి పదిసార్లూ అతికించవచ్చు అన్నారు.

తర్వాత కొలతలు. బృహద్ధమని కవాటం వలయం అడ్డంగా 12 మిల్లీమీటర్లు. ట్రైకస్పిడ్ కవాటం నుంచి పుపుస కవాటం దాకా ఉన్న ఎడం 14. ఆ ఎడం బృహద్ధమని వలయం కంటే పెద్దదైతే సొరంగానికి చోటుందని సర్జన్లు చాలాకాలంగా వాడుతున్న ఒక లెక్క. గుండె సంకోచించిన దశ మోడల్ తెరిస్తే ఆ 14 కాస్తా 12కు దగ్గరైంది. మేడం ఏమీ అనలేదు గానీ కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నారు.

సొరంగం గీసే పరికరంలో చేయవలసింది అంచు వెంబడి చుక్కలు పెట్టుకుంటూ పోవడమే. రంధ్రం కింది అంచు నుంచి మొదలుపెట్టి, కవాటం పక్కగా, బృహద్ధమని మొదలు చుట్టూ తిరిగి వచ్చి కలిపితే, ఆ చుక్కల మధ్య ఒక పలచని పొర సాగుతుంది. ఆ పొరను మధ్యలో పట్టుకుని పైకి లాగితే ఉబ్బుతుంది, నొక్కితే లోతవుతుంది. మొదటి సొరంగం విశాలంగా వచ్చింది, కానీ ఊపిరితిత్తులకు పోయే దారిలోకి పొడుచుకొచ్చింది. పాపకు ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. నిజం చెప్పాలంటే ఆ ఇరుకే ఇన్నాళ్లూ ఊపిరితిత్తులను రక్తపు వరద నుంచి కాపాడింది. అందుకని ఆయన పొరను కిందికి దించారు. ఇప్పుడు మలుపు దగ్గర సొరంగం ఇరుకైంది. చుక్కలు కొన్ని జరిపారు, ఒకటి తీసేశారు, మళ్లీ పెట్టారు. ప్రతిసారీ "ఇరుకైన చోట ఎంత?" అనడం, నేను కొలిచి చెప్పడం. చాయ్ చల్లారిపోయి పక్కనే ఉంది.

చిక్కు మొదట్లోనే ఉందని తేలింది. బృహద్ధమని 12, రంధ్రం 9 చిల్లర. సొరంగం ఎంత బాగా కట్టినా వాకిలే చిన్నదైతే ఎడమ జఠరిక ప్రతి కొట్టుకూ కష్టపడుతుంది. రంధ్రాన్ని పెద్దది చేయాలి. ఎటువైపు? నేను కిందివైపు చూపించాను, అక్కడ గోడ విశాలంగా ఉంది కదా అని. ఆయన తల అడ్డంగా ఊపి, రంధ్రం వెనక కింది అంచు వెంబడి వరసగా చుక్కలు పెట్టారు. "గుండె కొట్టుకోవడానికి విద్యుత్తు మోసే పోగు ఇక్కడినుంచి పోతుంది. ఇది తెగితే పిల్లకు జీవితాంతం పేస్‌మేకర్. మీ స్కాన్‌లో లేదు, ఎవరి స్కాన్‌లోనూ ఉండదు. కానీ ఇక్కడే ఉంటుంది. దీన్ని పసుపు రంగులో పెట్టి, ఊహ అని రాయండి." రాశాను. పెద్దది చేయడం పై ముందు అంచువైపే అని నిర్ణయమైంది.

అప్పటిదాకా ఊరుకున్న మేడం అందుకున్నారు. "మీ బొమ్మలో తీగలేవి?" ట్రైకస్పిడ్ కవాటం రెక్కలను పట్టి ఉంచే సన్నని తీగలు సీటీలో కనిపించవు. కదిలే రెక్కలే సరిగా పడవు, తీగలెక్కడ పడతాయి? ఎకోలో మాత్రం అవి ఊగుతూ స్పష్టంగా ఉన్నాయి. వాటిలో కొన్ని సరిగ్గా మేం సొరంగం గీసిన చోటే గోడకు అతుక్కుని ఉన్నాయి. ఆమె "దూరమే కావచ్చు" అన్నది దీన్ని చూసే. సర్జన్ క్లిప్పును ఆపి ఆపి చూశారు. అవి ఉన్నచోటులను నేను ఆకుపచ్చ గీతలుగా మోడల్‌లోకి ఎక్కించాను. అలా ఆ మధ్యాహ్నం మాకు ఒక పద్ధతి ఏర్పడింది: సీటీలో చూసింది బూడిదరంగు, ఎకోలో చూసి తెచ్చింది ఆకుపచ్చ, చదువు వల్లా అనుభవం వల్లా అక్కడుంటుందని తెలిసింది పసుపు. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చింది ఇదే. మోడల్ ఎంత అందంగా వచ్చిందన్నది కాదు, దానిలో ఏ ముక్కను ఎంతవరకు నమ్మవచ్చో చూడగానే తెలియాలి.

ఆకుపచ్చ గీతలు పడ్డాక చర్చ వేడెక్కింది. తీగలను గోడ నుంచి విడదీసి, సొరంగం కట్టాక దానిమీదే మళ్లీ కుట్టవచ్చని ఆయన వాదన. ఎన్ని ఉన్నాయో తెలియకుండా మాట ఇవ్వొద్దని ఆమె. సొరంగం కుదరకపోతే మిగిలేది ఒక్క జఠరిక దారి. తల, చేతుల నుంచి వచ్చే సిరను ముందు, కాళ్లు, కడుపు నుంచి వచ్చే సిరను తర్వాత, గుండెతో పనిలేకుండా నేరుగా ఊపిరితిత్తుల నాళాలకు కలిపేయడం. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ఫోంటాన్ 1968లో మొదట చేసిన శస్త్రచికిత్సకు నేటి రూపం అది. పిల్లలు బతుకుతారు, చదువుకుంటారు, కానీ పెద్దయ్యేకొద్దీ కాలేయం దగ్గర నుంచి సమస్యలు మొదలవుతాయి. రెండు జఠరికలతో నడిపించే వీలుంటే దాన్ని వదలరు.

కంప్యూటర్ సాయం మొదట గట్టిగా అందుకున్నదీ ఆ ఫోంటాన్ రంగమేనని ఆయన చెప్పారు. 2000 దశకంలో అట్లాంటాలోని జార్జియా టెక్ పరిశోధకులు సర్జెమ్ అనే పరికరం తయారుచేశారు. సర్జన్ రెండు చేతులతో తెర మీది నాళాన్ని పట్టుకుని వంచవచ్చు, సాగదీయవచ్చు. ఆ రూపాన్ని తీసుకుని అందులో రక్తం ఎలా పారుతుందో లెక్కకడతారు. కాలేయం నుంచి వచ్చే రక్తం రెండు ఊపిరితిత్తులకూ అందకపోతే, అందని దానిలో అక్రమ నాళాలు పుట్టుకొస్తాయి. అందుకని నాళాన్ని ఎటు వంచి కుడితే రక్తం రెండువైపులా పంచుకుపోతుందో ముందే చూసుకోవాలి. స్టాన్‌ఫర్డ్ వాళ్ల సిమ్‌వాస్కులర్ కూడా ఇలాంటి ప్రవాహ లెక్కలకే, అదీ ఉచితమే. కాకపోతే ఆ లెక్కలు నా కంప్యూటర్ మోసే బరువు కాదు. మాది ఆకారం దగ్గరే ఆగింది.

ఎట్టకేలకు సొరంగమే అనుకున్నారు, లోపల తీగలు చూశాక మాత్రమే ఖాయం అన్న షరతుతో. వాళ్ల నాన్నను పిలిచి తెర మీద చూపించారు. మిర్చి పండించే మనిషి, ఏనుమాముల మార్కెట్ నుంచి నేరుగా వచ్చాడు. ఓపిగ్గా విని, "ఇందులో చేసినట్లే లోపలా చేస్తారా సార్?" అని అడిగాడు. "అనుకున్నది ఇది. లోపల ఇంకోలా ఉంటే ఇంకోలా చేస్తాను" అన్నారు సర్జన్. ఆ జవాబుకు అతను భయపడతాడనుకున్నాను, తేలికపడ్డాడు. ఖర్చు ఆరోగ్యశ్రీలో పోతుందని అప్పటికే తెలుసు. 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలైంది కదా. మోడల్‌కు ఎవరూ విడిగా డబ్బు అడగలేదు, అసలు ఏ పద్దు కింద అడగాలో ఎవరికీ తోచలేదు కూడా.

సొరంగం పొరను బల్లపరుపుగా విప్పి కాగితం మీద అసలు సైజులో అచ్చు వేసే వీలు ఆ పరికరంలోనే ఉంది. వేస్తే వంకర ఆకు లాంటి ముక్క వచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ ఒక మాట చెప్పారు. ఆపరేషన్లో గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్ లంగ్ మెషిన్ మీదికి మార్చి గుండెను ఆపాక, అది రక్తం లేక ముడుచుకుపోయి ఉంటుంది. ప్యాచ్ కత్తిరించేది ఆ ఖాళీ గుండెను చూస్తూ, పనిచేయవలసింది నిండిన గుండెలో. చిన్నగా కత్తిరిస్తే సొరంగం ఇరుకు, పెద్దగా కత్తిరిస్తే ఉబ్బి అవతలి దారి ఇరుకు. ఇన్నాళ్లూ కంటి అంచనాతోనే చేశారు. ఈ కాగితం నిండిన గుండె కొలత.

ఆపరేషన్ రోజు నేను హనుమకొండలో డ్యూటీలోనే ఉన్నాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. రంధ్రం అనుకున్నచోటే ఉంది. తీగలు మేడం చెప్పినదానికంటే రెండు ఎక్కువే, విడదీసి మళ్లీ కుట్టారు. రంధ్రం అంచున ఎవరూ ఊహించని కండ పట్టీ ఒకటి ఉంటే తీసేశారు. కాగితం కొలత కొంచెం పెద్దదైంది, ఒకవైపు కత్తిరించవలసి వచ్చింది. ఏ వైపు, ఎంత అన్నది రాసి పంపమని అడిగాను, పంపారు. పేస్‌మేకర్ అవసరం రాలేదు.

పాప తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు పెదవుల రంగు మారింది, బరువు కూడా పెరిగింది. బెల్లం లెక్క మళ్లీ వేసుకోవలసి వచ్చిందని నాయనమ్మ నవ్వింది.

మా సెంటర్లో ఇప్పుడు పిల్లల గుండె స్కాన్ అయితే సన్నని ముక్కలు విడిగా డిస్కులో దాస్తున్నాం. ఈమధ్య మంచిర్యాల నుంచి ఒక బాబు వచ్చాడు, అదే జబ్బు. మోడల్ త్వరగానే తయారైంది, చేయి అలవాటు పడింది. కానీ సర్జన్ చుక్కలు ఎలా పెట్టినా సొరంగం కవాటం మీదుగానే పోతోంది. కవాటానికీ కవాటానికీ మధ్య ఎడం 7 మిల్లీమీటర్లే. పైనుంచి తిప్పారు, కిందనుంచి తిప్పారు, చివరికి మౌస్ పక్కన పెట్టేశారు. ఈసారి మేడం, ఆయన ఒకే మాట మీద ఉన్నారు. ఒక్క జఠరిక దారిలో వెళ్లాలంటే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తక్కువగా ఉండాలి. అది మా మోడల్‌లో ఏ రంగులోనూ ఉండదు, నాళంలోకి గొట్టం పంపి కొలవవలసిందే. ఆ పరీక్షకు వచ్చే వారం తేదీ ఇచ్చారు.